విమానం బొమ్మ నొక్కిన రోజు

అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి సర్కారు కొలువుకు చదువుతున్న ఆ కాలంలో, నాకు తెలియని విషయం ఒకటుందంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు. డిగ్రీలో కంప్యూటర్ ఒక పేపరుగా చదివాను (రెండోసారికి గట్టెక్కాను), కాబట్టి మా గదిలోని లాప్‌టాప్‌కు వైద్యం నాదే. తెర అడుగున, కుడి మూలన కనిపించే వైర్‌లెస్ గుర్తులంటే నాకు మహా కుతూహలం. విసనకర్రలా విచ్చుకున్న గీతలుంటే నెట్ ఉన్నట్టు, వాటిపై ఎర్ర గుర్తుంటే లేనట్టు. అంతవరకు సరే. మిగతావాటికి అర్థాలు నేనే కల్పించేదాన్ని.

లాప్‌టాప్ నాతో గదిలో ఉండే అక్కది. ఆ ఏడు కొలువులకు నోటిఫికేషన్ పడింది, వయసు లెక్కన ఆమెకదే ఆఖరిది. దరఖాస్తుకు కావలసిన సర్టిఫికెట్ ఊరి నుంచి చివరి రోజు మధ్యాహ్నమే చేతికొచ్చింది. గడువు సాయంత్రం ఐదింటికి. నాలుగింటికి ఫారం నింపుతుంటే పేజీ ఆగిపోయింది. గీతల మీద పసుపు త్రికోణం, అందులో ఆశ్చర్యార్థకం.

“ఏందే ఇది?” అంది అక్క.

“నెట్ స్లో అయిందక్కా. ఆ విమానం బొమ్మ నొక్కు, స్పీడైతది.”

నొక్కింది. గీతలు మాయమై విమానం వచ్చింది. ఇరవై నిమిషాలు ఇద్దరం దాన్నే చూశాం.

“ఇంక లేస్తలేదేందే నీ విమానం?”

“జర ఆగక్కా, టైం పడతది.”

అక్క కళ్లలో నీళ్లు తిరిగేసరికి నా ధైర్యం జారిపోయింది. లాప్‌టాప్, కాగితాలు చంకన పెట్టుకుని చిక్కడపల్లిలోని నెట్ సెంటర్‌కు పరుగెత్తాం. అక్కడి అన్న మా తెర చూసి, “విమానం ఎవరు నొక్కిన్రు?” అన్నాడు. నేను గోడ మీది క్యాలెండర్‌ను శ్రద్ధగా చదవసాగాను. “గా బొమ్మ నొక్కితే వైర్‌లెస్ మొత్తం బందయితదమ్మా!” అంటూ తన కంప్యూటర్లో ఫారం తెరిచాడు. నాకు మాత్రం మనసాగలేదు.

“మరి పసుపు త్రికోణం ఏందన్నా?”

“మీ వైఫై డబ్బా దాంక కలిసింది గని, ఆ డబ్బాకే నెట్ వస్తలేదని.”

“మరి గీతలు రెండే ఉంటే?”

“ఓ పిల్లా! ముందుగాల నా ఫారం గానియ్యి!” అని అరిచింది అక్క.

ఐదుకు ఏడు నిమిషాలుండగా ఫారం వెళ్లింది. తిరుగుదారిలో ఆమె నాకంటే నాలుగడుగులు ముందే నడిచింది. హాస్టల్ గేటు దగ్గర, “నాకు నిజంగ తెల్వదక్కా” అన్నాను.

“గీ మాట నాలుగింటికే అంటే వేరే తొవ్వ చూసుకుందుము గదనే” అంది. కోపంగా అనలేదు, అందుకే ఏడుపొచ్చింది.

ఆ కొలువు ఆమెకొచ్చింది, మరో రెండేళ్లకు నాకూ వచ్చింది. ఇప్పుడు ఆఫీసులో కంప్యూటర్ మొరాయిస్తే కొత్తవాళ్లు నన్నే పిలుస్తారు. “తెలియదు, చూద్దాం” అంటాను. అయినా ఏ బొమ్మకైనా క్షణంలో అర్థం చెప్పేసే ఆ అశోక్‌నగర్ పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. మందలిద్దామనుకుంటాను, నవ్వొచ్చేస్తుంది.