మంచమెక్కి పింఛనుకు పోయిన మా అవ్వ

మా చిన్నప్పుడు... మా ఊరు రాజోలిలో పింఛను రోజంటే జాతరే అనుకోండి! పొద్దున్నే ముసలోళ్లంతా పంచాయతీ ఆఫీసు ముందు వరస కట్టేవాళ్లు. చేతికర్రలు, ఆకువక్క సంచులు, ఒకరి మీద ఒకరు ఎగతాళి...

పింఛనిచ్చే సారు పేరు పిలిస్తే ఆ మనిషి పలకాలి. మా అవ్వ ఈరమ్మకేమో చెవుడు. అందుకని ఆమె పేరు రాగానే వరసంతా కలిసి అరిచేది, "ఉన్నది సారూ!" అని. ఆ అరుపు కోసమే మేం పిల్లలం కాచుకుని కూచునేవాళ్లం.

ఒకసారి కొత్త సారు వచ్చాడు. ఆ రోజే అవ్వకు మోకాళ్లు వాచి లేవలేకపోయింది. వరస మాత్రం అలవాటుగా "ఉన్నది సారూ" అంది.

ఆయన తలెత్తలేదు. "ఉంటే రావాలె గదా? మనిషి కండ్ల పడకుంటే పేరు కొట్టేస్త."

ఆ పింఛను అవ్వకు మందుబిళ్ల, ఆకువక్క... అన్నిటికీ మించి కొడుకుల ముందు చెయ్యి చాపకుండా బతికే ధైర్యం.

పక్కింటి మౌలాలి మామ లేచాడు. "నడువుండ్రి, ఎత్తుకొస్తం!" నలుగురు కలిసి పోయి అవ్వను నులకమంచంతో సహా భుజాలకెత్తుకున్నారు. వెనకాల మేం పరుగో పరుగు.

ఇంకేముంది... మలుపులో మంచం చూసిన గంగమ్మత్త గొల్లుమంది. "ఓ ఈరక్కా... పోతివా అక్కా!" ఇంకో ఇద్దరు గొంతు కలిపారు. అవ్వకు ఏడుపు వినబడలేదు గానీ మొహాలు కనబడ్డాయి. దిగ్గున లేచి కూచుంది.

"థూ, నీ నోట్ల మన్ను వడ! యాడికి పోతినే? పింఛనుకు పోతున్న!"

గంగమ్మత్త ఏడుపులోనే నవ్వేసింది.

మంచం చూసి సారు కుర్చీలోంచి లేచాడు. మళ్లీ పేరు పిలిచాడు. మౌలాలి మామ సైగ చేస్తే అవ్వ తనే పలికింది, "ఉన్న సారూ! మంచిగ చూస్కో!"

ఆ తర్వాత ఆ సారే మా అరుగు మీదికొచ్చి పింఛను ఇచ్చి పోయేవాడు. అవ్వ ఆయన చేతిసంచిలో చెనక్కాయలు పోసి పంపేది.

మొన్న అమ్మను పింఛనుకు తీసుకెళ్లాను. ఏళ్లకేళ్లు సీడుపత్తి చేన్లలో పూలు గిల్లే పనికి పోయి ఆమె వేళ్లు అరిగిపోయాయి. మిషన్ ఒక్క వేలిముద్రా పట్టలేదు. "రేపు మళ్ల చూద్దాం అమ్మా" అంది అక్కడి అమ్మాయి. అమ్మ కదల్లేదు... వెనక్కి తిరిగి వరస వైపు చూసింది. ఎవరూ ఏమీ అనలేదు.

ఏమనుకున్నానో ఏమో, గట్టిగా అరిచేశాను. "ఉన్నది సారూ!"

అందరూ వింతగా చూశారు. ఆ అమ్మాయి నవ్వింది. "నాకు తెలుసక్కా... మిషన్‌కు తెల్వాలె గదా?"

పింఛను పెరిగింది, సంతోషమే... కాదనను. కానీ మనం ఉన్నామని మన తరఫున అరిచే ఆ వరస ఏదీ?

మీ ఊళ్లో మీ అవ్వ కోసం అట్లా అరిచిన వాళ్లెవరు... వాళ్ల పేర్లు ఒక్కసారి ఇక్కడ చెప్పండి.