తువ్వాలు వేయలేనివాళ్ల లెక్క

నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సెక్కి కూర్చున్నానో లేదో, కిటికీలోంచి ఒక తువ్వాలు వచ్చి నా ఒళ్లో పడింది. ఎండకు ఆరిన గుడ్డ వాసన, అందులో కాస్త కొబ్బరినూనె. "అక్కా, అది పక్క సీట్లో ఎయ్యి, మావోళ్లు వస్తాండారు" అని బయటి నుంచి ఎవరో కేకేశారు. బుద్ధిగా వేశాను. మా వైపు తువ్వాలు పడిన సీటు తువ్వాలు గలవాడిదే, దానికి ఎదురు లేదు. దాంతో నాకు రూతమ్మ మేడం గుర్తొచ్చారు. తువ్వాలు చూసి లెక్కల మేడం గుర్తుకు రావడమేమిటని మీరు నవ్వుకోవచ్చు, నవ్వుకోండి.

ప్రపంచంలోని బస్సులు, లారీలు, రైళ్లు, ఓడలు, విమానాలు రాబోయే ఏళ్లలో ఎంత ఇంధనం తాగుతాయో అంచనా కట్టడం ఇప్పుడు హైదరాబాదులో నా ఉద్యోగం. మా బంధువులు "అంటే జోస్యమా?" అని అడుగుతారు. ఈ జోస్యానికి నాకు ఓనమాలు దిద్దించింది రూతమ్మ మేడం. నంద్యాలలో డిగ్రీ చదివేటప్పుడు మాకు స్టాటిస్టిక్స్ చెప్పేవారు. పొట్టి మనిషి, ముతక నేతచీర, చర్చిలో పాడి పాడి గట్టిపడిన గొంతు. ఆమె నోట పొగడ్త ఎన్నడూ వినలేదు. "తప్పు లేదులే" అన్నారంటే ఆ రోజు మాకు పండగే.

ఒకరోజు క్లాసులో బోర్డు మీద ఒక నందిని గీశారు. ఎద్దుకన్నా మేకకే దగ్గరగా ఉంది. "ఇది ఆళ్లగడ్డలో చెక్కిన రాతి నంది. మలేషియాలో గుడికి పోతాంది. పోయేసరికి ఎంత నూనె, అంటే డీజిలూ అదీ, తాగుతాదో చెప్పండి" అన్నారు. మేం రేవు దాకా లారీ, అక్కడి నుంచి ఓడ అని లెక్క కట్టాం. ఆమె వెనక్కి నడిచారు. రాయిని క్వారీ నుంచి తెచ్చిన లారీ, ఆ లారీకి డీజిల్ మోసిన ట్యాంకరు, ఆ ట్యాంకరు నింపడానికి సముద్రం దాటి వచ్చిన ఓడ, ఆ ఓడ తాగిన నూనె. బోర్డు అయిపోతే గోడ మీద రాశారు. "నూనె తేనీకి గూడా నూనే కావల్ల" అని సుద్దముక్క కింద పెట్టారు. శ్రీశైలం దాటి ఎరగని నాకు ఆ గోడ మీద ప్రపంచమంతా కదులుతూ కనిపించి ఒళ్లు జలదరించింది. అంత పెద్దదాన్ని ఒక మనిషి తలలో పెట్టుకోవచ్చని ఆ రోజే తెలిసింది.

మాది దొర్నిపాడు దగ్గర పల్లె. మా నాయన పరుపులు కుట్టేవాడు. కాలేజీ నుంచి ఆళ్లగడ్డ దాకా వచ్చినా, సాయంత్రం అక్కడి నుంచి మా వైపు ఒకటే బస్సు. అది ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్లు, సంచులు, ఒక్కోసారి చెప్పులు కూడా పడేవి. ఆడపిల్లలం తలుపు దగ్గరికి చేరేసరికి ఫుట్‌బోర్డు మీద కూడా చోటుండేది కాదు. ఆటో నిండేదాకా కూర్చుని ఇల్లు చేరితే చీకటి పడేది. ఒకనాడు నాయన చెప్పేశాడు. "ఈ పరీక్షలు కానీమ్మా, మళ్ల చదువు చాలు. దినామూ రోడ్డు మీద నీకోసం నిలబడల్లంటే నా గుండె దడదడ అంటాంది." ఆయన చెడ్డవాడు కాదు కాబట్టే ఎదురు తిరగలేకపోయాను.

మేడంతో చెప్పి ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. "ఇంకో బస్సు అడుగుదాం. అడగల్లంటే లెక్క కావల్ల. ఆ దోవన ముందు ముందు ఎంతమంది పోతారో, ఎంత డీజిల్ అవుతాదో గీత గీసుకొని రా" అన్నారు. సాయంత్రాలు ఆళ్లగడ్డ బస్టాండులో నిలబడి బస్సులో మనుషులను లెక్కపెట్టాను. ఏరోజు చూసినా నిండు బస్సు, దాదాపు అంతే మంది. గీత తాడు లాగి కట్టినట్టు చదునుగా వచ్చింది. ఇంత చక్కగా వచ్చిందే అని మురిసిపోతూ తీసుకెళ్లాను.

మేడం గీత మీద వేలు పెట్టారు. "ఈ బస్సులో నువ్వుండావా?"

"లేదు మేడం, కింద నిలబడి లెక్కపెడతాండా కదా."

"లెక్క అయినంక ఎక్కినావా?"

"సందు లేదు మేడం. ఆటోలో పోయినా."

"మరి ఈ గీతలో నువ్వు యాడుండావు?"

కాగితం వైపు చూశాను. నా చదువు నిలబెట్టుకోవడానికి నేను వేసిన లెక్కలో నేనే లేను. "తువ్వాలు ఏసినోళ్లను లెక్కపెట్టినావు. ఎయ్యలేనోళ్ల మాటేంది? ఎక్కినోళ్లు ఎంతమందో బస్సు చెప్తాది. పోవల్లనుకునేటోళ్లు ఎంతమందో మనమే పోయి అడగల్ల" అన్నారు మేడం.

ఆమే గొడుగు పట్టుకుని ఆళ్లగడ్డ వచ్చారు. బస్సు వెళ్లిపోయాక మిగిలిన ఆడవాళ్లను ఒక్కొక్కరినీ అడిగారు. నాతో మా పల్లెకు, పక్క పల్లెలకు వచ్చి చదువు మానేసిన పిల్లల ఇళ్ల గడపలెక్కారు. ఈసారి గీత పైకి లేచింది. తీసుకెళ్లి చూపిస్తే బస్సు డిపో అధికారి నవ్వాడు.

"లేని ప్యాసింజర్లను చూపిస్తాండారే మేడం."

"ఉండారు సార్. మీ బస్సులో లేరు, అంతే."

చివరికి రెండో బస్సు కొన్నాళ్లు నడిపి చూస్తామన్నాడు, సీట్లు నిండకుంటే తీసేస్తామన్నాడు.

మొదటి సాయంత్రం రెండో బస్సు ఖాళీగా వచ్చింది. మేడం ఎక్కి నా పక్కన కూర్చుని, "బస్సు రేపు గూడా వస్తాదని జనం నమ్మనీ" అన్నారు. తిరుగు బస్సు లేదని తెలిసీ వచ్చారు, ఆ రాత్రి మా ఇంట్లోనే నాయన కుట్టిన పరుపు మీద పడుకున్నారు. రానురాను టిఫిన్ క్యారియర్లు, పుస్తకాల సంచులు, చంటిపిల్లలు, కూరగాయల గంపలు ఎక్కసాగాయి. ఒకరోజు నాకే సీటు దొరకక నిలబడి చూస్తే, మేడం కాగితం మీద పైకి గీసిన గీత మనుషులై నా చుట్టూ కూర్చుని ఉంది. నాకు ఏడుపు ఆగలేదు. ఇంకా వెలుగుండగానే దిగిన నన్ను చూసి నాయన ఒకటే అడిగాడు. "రేపు గూడా ఇదే టయానికి వస్తాదా?" వస్తుందన్నాను. "అయితే చదువుకో" అన్నాడు.

మేడం పోయి కొన్నేళ్లయింది. మా ఆఫీసు తెర మీద కొన్ని దేశాల గీతలు అడుగున చదునుగా పడి ఉంటాయి. అక్కడ డిమాండ్ లేదంటారు తోటివాళ్లు. ఎక్కలేనివాళ్లను అడిగారా అంటాను, విసుక్కుంటారు. వాళ్లంతా ఎక్కితే ఎంత నూనె, ఎంత కరెంటు కావాలో తలచుకుంటే ఇప్పటికీ ఆ గోడ ముందు కూర్చున్నట్టే ఒళ్లు జలదరిస్తుంది. అయినా వాళ్లను వదిలేసి లెక్క కట్టడానికి నాకు చేతులు రావు.

తువ్వాలు గలాయన వచ్చి కూర్చున్నాడు. బస్సు కదిలింది. లోపల అంతా నిండిపోయింది. నేను కిటికీలోంచి తల బయటికి పెట్టి, కింద ఎవరు మిగిలిపోయారో చూశాను.