మొదటి అడుగుల చప్పుడు

లాండ్రీలో ఆమెను కొంగ అనేవాళ్లు. పగలంతా సిమెంటు నేల మీద నిలబడి ఆసుపత్రి దుప్పట్లు మడిచే పని ఆమెది. కుడి మడమ సలిపినప్పుడు ఆ కాలెత్తి, ఒంటికాలి మీద నిలబడేది.

"చేప పడిందా అక్కా?" అని అవతలి బల్ల నుంచి అరిచేవాళ్లు.

"పడితే తోక నీకే పెడతాలే," అనేది.

ఆ నవ్వులాట పగటికే. తెల్లవారి మంచం దిగి తొలి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుండేది. గోడ పట్టుకుని వంటగది దాకా నడిచేది. బరువుగా ఒక అడుగు, నేలను రాసుకుంటూ ఒక అడుగు. ఆ చప్పుడు ఇంటికి కొత్తది కాదు. చనిపోయిన అత్తగారు కూడా అలాగే నడిచేవారు.

అత్తగారు పోయాక మామగారు మంచం దిగడం మానేశారు. పిలిస్తే కళ్లు తెరిచి, మళ్లీ గోడవైపు తిరిగేవారు. కోడలు కుంటడం మొదలుపెట్టిన కొన్నాళ్లకే ఒక ఉదయం, ఆమె వంటగది చేరేలోపే పొయ్యి వెలిగించి నిలబడ్డారు. ఇక రోజూ అంతే. టీ తాగి, గడ్డం గీసుకుని, వీధి చివరిదాకా వెళ్లొచ్చేవారు. టీ అందిస్తున్నప్పుడు మాత్రం ఆయన చూపు ఆమె వెనక, ఖాళీ గుమ్మం మీద ఉండేది.

ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఆమె నడక చూసి పిలిచింది.

"మంచం దిగకముందే తువ్వాలు పాదానికి తగిలించి వేళ్లను మీవైపు లాక్కోండి. సాయంత్రం చల్లటి నీళ్ల సీసా పాదం కింద దొర్లించండి. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోండి. ఓపిక పట్టాలి ఆంటీ."

పట్టింది. నెలలు గడిచాక నొప్పి సన్నగిల్లింది. చెప్పుల్లో అడుగులు సమంగా, చప్పుడు లేకుండా పడ్డాయి.

మామగారు మళ్లీ గోడవైపు తిరిగారు.

"లేవండి మామయ్యా, టీ చల్లారిపోతోంది."

"ఎవరూ రాలేదుగా," అన్నారు.

గడ్డం మాసింది. దుప్పటి కింద మనిషి రోజురోజుకీ తగ్గిపోతున్నారు. ఖాళీ అయిన మంచాల దుప్పట్లు మడిచే ఆమెకు ఆ తగ్గుదల తెలియనిది కాదు.

ఒక ఉదయం చెప్పులు మంచం కిందే వదిలేసింది. గోడ పట్టుకుంది. బరువుగా ఒక అడుగు, రాసుకుంటూ ఒక అడుగు. సిగ్గేసింది. అయినా ఆగలేదు. లోపల మంచం కిర్రుమంది.

వంటగది గుమ్మంలో మామగారు ఎదురయ్యారు. ఆమె పాదాల వైపు చాలాసేపు చూశారు.

"నీది కుడికాలు కదమ్మా."

ఆమె కిందికి చూసింది. మడమ ఆనించకుండా ఎత్తి పట్టుకున్నది ఎడమకాలిని. అత్తగారిది ఎడమకాలు.

"మీరు లేస్తారని నటించాను మామయ్యా. కానీ కుడికాలితోనే కుంటుతున్నాననుకున్నాను."

"నొప్పిగా ఉందా?"

"ఉంది," అంది. నిజంగానే ఉంది.

ఆయన పొయ్యి వెలిగించారు.

"ఆవిడ ఉన్నన్నాళ్లూ ఆ చప్పుడు వింటూ పడుకునేవాణ్ణి. ఒక్కరోజూ లేవలేదు." గిన్నెలో నీళ్లు పోశారు. "ఆవిణ్ణి కూర్చోమను. టీ నేను పెడతాను."

ఆమె కూర్చుంది. ఎడమ మడమను రెండు చేతులతో పట్టుకుంది.