పదిహేను ముక్కలు

ఓర్విల్ స్టెన్సన్ ఒక బస్సు డ్రైవరమ్మ మీద మనసుపడి, గెలిచే ఆటని చేతులారా పారేశాడన్న పుకారు మా ట్రెయిలర్ ఇళ్ళ పార్కు లాండ్రీ గదిలో పుట్టింది. మిషన్లో వేసిన దుప్పట్లు ఆరేలోపే బౌల్డర్ హైవే దాకా పాకింది. పెళ్ళాం పోయి మూడు నెలలైనా కాలేదు, డెబ్భై ఏళ్ళ మనిషికి ఇదేం పోయేకాలం అన్నారు. ఆట పారేసిన మాట నిజమే. తక్కినదంతా పనిలేని నోళ్ళు కలిపింది.

ముప్పై ఏళ్ళు వేగస్ ఎండల్లో ఇళ్ళ కప్పులెక్కి ఏసీలు బాగుచేసి మోకాళ్ళు అరగదీసుకున్నాడు ఓర్విల్. ఆ తర్వాత మిగిలిన సరదా ఒక్కటే, మంగళవారం మధ్యాహ్నం పోకర్ పోటీ. అతని భార్య ఈవెట్ కాసినోలో ఇరవై రెండేళ్ళు ముక్కలు పంచింది. పంచడమే గాని, తన కోసం ఒక్క ఆట ఆడి ఎరగదు.

ఓర్విల్ ఆట తీరు అందరికీ తెలిసిందే. తన ముందు పందెపు చిప్స్ గుట్ట పెద్దగా ఉండి, చేతిలో ముక్కలు ఇంకా కుదరకపోయినా కుదిరే దారులు బోలెడు కనిపిస్తే ఇక ఆగడు, చిప్స్ ముందుకు తోసేస్తాడు.

"అవతలివాడు బెదిరి ముక్కలు పారేశాడా, సరే. పారెయ్యలేదా, ముక్క పడుతుంది. పడలేదే అనుకో, గుట్టున్నవాడు బతికే ఉంటాడు" అనేవాడు.

ఎదురు ట్రెయిలర్ గ్లెండాకి ఈ పాఠం కంఠతా వచ్చు. పార్కులో ఎవరి పొయ్యి మీద ఏముందో కూడా ఆమెకి తెలియాల్సిందే.

జనవరిలో ఈవెట్ గుండె సంగతి బయటపడింది. ఆపరేషన్ లేకపోతే ఏడాది, చేయిస్తే సగానికి పైనే ఆశ ఉందన్నాడు డాక్టరు. ఆ మధ్యాహ్నం బంగాళాదుంపల సలాడ్ పట్టుకుని గ్లెండా ఓర్విల్ ఇంటి తలుపు తీసేసరికి మొగుడూ పెళ్ళాలిద్దరూ వంటగది బల్ల దగ్గరున్నారు.

"నాకు ఏడాది చాలు, ఓర్వీ. గుమ్మంలో కూర్చుని టమాటా తొట్లు చూసుకుంటా" అంటోంది ఈవెట్.

ఓర్విల్ పేకదస్తా తీసి ఒక్కొక్క ముక్కే బల్ల మీద పరిచాడు.

"ఇటు చూడు. మనల్ని గెలిపించేవి పదిహేను ముక్కలున్నాయనుకో. ఇంకా రెండు ముక్కలు తిప్పాలి. సగానికి పైనే మనది. ఇలాంటి ముక్కలు ఎవడైనా పారేస్తాడుటే?"

"నేనైతే పారేస్తాను."

"ఈవీ!"

ఆమె పాత అలవాటు కొద్దీ ముక్కలన్నీ పోగుచేసి, అంచులు సరిచేసి దస్తా అతని ముందు పెట్టింది.

"నువ్వడిగావు కాబట్టి సరే. గ్లెండా, నేనొచ్చేదాకా తొట్లకి నీళ్ళు పోస్తావుగా?"

ఆపరేషన్ బల్ల మీంచి ఈవెట్ లేవలేదు.

మొన్న మంగళవారం పోటీలో చివరికి మిగిలింది ఇద్దరే, ఓర్విల్, బస్సు నడిపే ఫెలీషా. ఓర్విల్ గుట్ట ఆమెదానికి మూడింతలు. అతని చేతిలో ఆఠీను ఎనిమిది, తొమ్మిది. బల్ల మీద ఇద్దరికీ కలిపి పరిచినవి ఆఠీను ఏడు, పది, పక్కన ఇస్పేటు రాజు; ఇంకా రెండు తిప్పాలి. ఏ ఆఠీను పడినా, ఏ ఆరో జాకీయో పడినా ఆట అతనిదే, అన్నీ కలిపి పదిహేను ముక్కలు. ఫెలీషా ఉన్నదంతా ముందుకు తోసింది. అతని తీరు తెలిసి చుట్టూ నిలబడ్డవాళ్ళు అప్పుడే ఓర్విల్‌కి చప్పట్లు కొట్టబోయారు. అతను ముక్కలు తిప్పి అందరికీ చూపించి, "నీదేనమ్మా" అని పక్కకి నెట్టేశాడు. తర్వాతి ఆటలు కూడా అలాగే వదిలేసి ఇంటికొచ్చాడు.

మర్నాడు లాండ్రీ గది గుమ్మంలోంచి ఎవరో అరిచారు. "ఏం ఓర్విల్, బస్సెక్కావటగా!"

అతను వెనక్కి తిరగలేదు. పక్కనే నడుస్తున్న గ్లెండా తిరిగింది. ఆమె నోరు తెరిచేసరికి గుమ్మం ఖాళీ అయిపోయింది.

సాయంత్రం గ్లెండా అతని గుమ్మం దాకా వెళ్ళింది. ఓర్విల్ ఎప్పుడో తడిసిన తొట్టికే మళ్ళీ నీళ్ళు పోస్తున్నాడు. మట్టి దాటి నీళ్ళు మెట్ల మీదికి కారుతున్నాయి. ఆమె అతని చేతిలోంచి డబ్బా తీసుకుంది.

"ఇక చాలు, వేళ్ళు కుళ్ళిపోతాయి. ఆ బస్సమ్మ గొడవ నాకొదిలెయ్, ఆ నోళ్ళు మూయించే పని నాది. నాకు మాత్రం నిజం చెప్పు. పదిహేను ముక్కలున్నాయి, కొండంత గుట్ట ఉంది. లెక్క మరిచిపోయావా ఏంటి?"

ఓర్విల్ తడిచేతులు ప్యాంటుకి తుడుచుకుని మెట్టు మీద కూర్చున్నాడు.

"లెక్క సరిగ్గానే ఉంది, గ్లెండా. ఆ రోజు వంటగది బల్ల మీదా సరిగ్గానే ఉంది. అప్పుడు పెట్టిన గుట్టే నాది కాదు. అది ఈవీది. ఆడింది నేను."