మా ఇంట్లో మనసు అనే జబ్బు

ఆ ఆదివారం చర్చికి బయలుదేరేటప్పుడు నా భార్య నా హవాయి చెప్పులు వేసుకుని వచ్చింది. తెల్లచీర, తలలో కనకాంబరాలు, కాళ్లకు మాత్రం అరిగిపోయిన నా చెప్పులు. నీ చెప్పులేమయ్యాయి అని అడిగితే "టైట్" అంది. ముఖం ఉబ్బి ఉంది. కళ్లు సగమే తెరుచుకుంటున్నాయి. ఏడ్చిందనుకున్నాను. నేనే కాదు, చూసిన ప్రతివాళ్లూ అదే అనుకున్నారు. చర్చి మెట్ల దగ్గరే ఒకామె మా అమ్మను పక్కకు పిలిచి, "ఏం మార్తమ్మా, కోడలు తెల్లార్లూ ఏడ్చినట్టుండాదే, మీవోడు గాని కొడతాండాడా?" అని అడిగింది. అడిగి, లోపలికి పోయి, ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా పాట పాడింది. నాకు రోత పుట్టడం ఆ రోజే మొదలైంది. ఆ తర్వాత చాలా కాలం తగ్గలేదు.

నా భార్య పేరు మారిసెల్. ఫిలిప్పీన్స్ దేశస్థురాలు. మాది రాయచోటి పక్కన పల్లె. మా వైపు ఇంటికొకరు కువైట్‌లో ఉంటారు. నేనూ అక్కడ ఒక ఇంట్లో డ్రైవర్‌గా చేశాను. పక్క ఇంట్లో పిల్లలను చూసుకునేది మారిసెల్. అక్కడే పరిచయం, తర్వాత పెళ్లి. ఇద్దరం కువైట్ వదిలేసి ఇక్కడ కాపురం పెట్టాం. నేను ఒక వ్యాన్ కొనుక్కుని టమోటా బాడుగలకు తిరుగుతున్నాను. మా ఇద్దరి సంసారం సగం అరబ్బీ, సగం ఇంగ్లీషు, మిగిలింది సైగలు. పెళ్లయిన కొత్తలో ఊళ్లో నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "వాళ్లు కుక్కల్ని తింటారంట కదప్పా?" అని. అడిగినవాళ్లే మా ఇంటికొచ్చి ఆమె చేసిన కోడికూర తిని మూతి తుడుచుకుని పోయారు.

మారిసెల్ త్వరగానే కుదురుకుంది. సంగటి ముద్ద చేత్తో చేయడం నేర్చుకుంది. ఊరిబిండి పచ్చడి మాత్రం ఆ కారానికి కళ్లనీళ్లు పెట్టుకుంటూ తినేది. మిద్దె మీద ఎండుచేపలు ఆరబెట్టి, పిల్లి రాకుండా కాపలా కాసేది. వీధిలో అందరికీ ఆ వాసన కష్టమే. తమ ఇళ్లలో ఎండుచేపల పులుసు వాసన మాత్రం ఎవరికీ రాదు. మా అమ్మను "అత్తా" అని పిలిచేది. మా అమ్మ నోట్లో ఆమె పేరు "మరిసేలు" అయింది.

చెప్పులు పట్టని రోజు తర్వాత ఒక సాయంత్రం నేను బాడుగ నుంచి వస్తే అమ్మ వాకిట్లోనే ఆపింది. "నీ పెండ్లాం మనసు బాగలేదంటరా. పొద్దన్నుంచి మనసు, మనసు అంటాంది. వాళ్లమ్మ మీద బెంగ పెట్టుకునుండాది." నేను లోపలికి పోయి ఇంగ్లీషులో అడిగాను, బాధగా ఉందా అని. కాసేపు ఆలోచించి, కొంచెం, అంది. అమ్మను వదిలి సముద్రాలు దాటి వచ్చిన మనిషి. లేదని ఎలా అంటుంది?

అంతే, జబ్బుకు పేరు కుదిరిపోయింది. మా అమ్మ పాస్టరుకు చెప్పింది, ఆయన వచ్చి తలకు నూనె రాసి ప్రార్థన చేశాడు. ఊళ్లో సూదులేసే డాక్టరుకు చెప్పింది, ఆయన నాడి పట్టుకుని, నా ముఖం చూసి, "డిప్రెషన్ అప్పా. ఫారిన్ వాళ్లకు మామూలే. పిల్లోడు పుడితే సర్దుకుంటాది" అని నిద్రమాత్రలు, బీకాంప్లెక్స్ రాశాడు. కాళ్లు చూడలేదు. బీపీ చూడలేదు. కనీసం ఆమె వైపు తిరిగి ఒక్క మాట అడగలేదు. వీధిలో ఆడవాళ్లు వంతులవారీగా వచ్చి, ఆమె ముందే కూర్చుని, ఆమెకు అర్థం కాదనే ధైర్యంతో ఆమె మనసు గురించి మాట్లాడి టీ తాగి పోయేవారు. ఒళ్లు కంపరమెత్తేది. మారిసెల్ మాత్రం అందరికీ తల ఊపుతూ నవ్వేది. ఎందుకు నవ్వుతుందో నాకు తర్వాత గాని తెలియలేదు.

వాపు పెరిగింది. పొడుగు నైటీలు వేసుకునేది కాబట్టి మాకు కనబడలేదు. పడుకుంటే ఆయాసం వస్తోందని గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. అది కూడా బెంగే అన్నారు.

ఒకరోజు వాళ్లమ్మ వీడియో కాల్ చేసింది. ఫోన్‌లో కూతురి ముఖం కనబడగానే ఆ తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వాళ్ల భాషలో గబగబా ఏదో అంటోంది. అందులో ఒక మాట మళ్లీ మళ్లీ వినబడింది. మా అమ్మ చేతిలో చాట పక్కన పెట్టి, "చూసినావా, వాళ్లమ్మ గూడా మనసు అంటాంది. తల్లి కదరా, తెలిసిపాయ" అంది.

వాళ్లమ్మకు తెలుగెలా వస్తుంది?

"మారిసెల్, మీ అమ్మ ఏమంటోంది? మనసు అంటే ఏంటి?"

ఆమె నన్ను వింతగా చూసింది. నైటీ మోకాళ్ల దాకా ఎత్తి కాలు చాపింది. "మానస్," అని కాలు చూపించింది. చీలమండ అనేది లేదు. మోకాలి నుంచి పాదం వరకు ఒకే లావు. చర్మం సాగి మెరుస్తోంది. బొటనవేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. వాళ్ల భాషలో మానస్ అంటే నీరు పట్టిన వాపు.

ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదని అరిచాను. "అత్తకు చెప్పాను కదా! అత్త అందరికీ చెప్పింది. పాస్టర్‌కి మానస్, డాక్టర్‌కి మానస్, పక్కింటి ఆంటీకి మానస్. మీ భాషలో కూడా అదే మాట అనుకున్నాను," అంది. మా ఊళ్లో కాళ్లకు నీరు పడితే తలకు నూనె రాసి, నిద్రమాత్రలు ఇస్తారు కాబోలు అనుకుని అన్నీ మింగింది. అందరూ తన కాళ్ల గురించి అంత శ్రద్ధగా మాట్లాడుతున్నారని నవ్వుతూ తల ఊపింది.

నేను వ్యాన్ తీశాను.

కడపలో కిడ్నీ డాక్టరమ్మ మొదట నన్ను కుర్చీలోంచి లేపి ఆమెను కూర్చోబెట్టింది. ఇంగ్లీషులో నేరుగా ఆమెనే అడిగింది, యూరిన్‌లో నురగ వస్తోందా అని. వస్తోంది, సబ్బు నురగలాగా, అంది మారిసెల్. ఈ ప్రశ్న అంతవరకు ఎవరూ అడగలేదు. టెస్టులు చేశారు. యూరిన్ ఆల్బుమిన్ ఫోర్ ప్లస్, సీరం ఆల్బుమిన్ బాగా తక్కువ, కొలెస్ట్రాల్ ఎక్కువ, క్రియాటినిన్ కాస్త పైన. "నెఫ్రోటిక్ సిండ్రోమ్. ఒంట్లో ప్రోటీన్ అంతా యూరిన్‌లో పోతోంది. ఇంకొన్నాళ్లు ఆగుంటే ఎక్కడైనా బ్లడ్ క్లాట్ అయ్యేది," అంది డాక్టరమ్మ. నిద్రమాత్రల చీటీ చూపించాను. దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని బల్ల చివరకు నెట్టింది.

ఒకరోజు మూత్రమంతా పట్టి తెమ్మని ల్యాబ్ వాళ్లు పెద్ద క్యాన్ ఇచ్చారు. ఇంట్లో బాత్రూమ్ మూలన పెట్టాం. ఆ రోజే మా పెద్దమ్మ, అంటే అమ్మకు సొంత అక్క, పరామర్శకని మైదుకూరు నుంచి దిగింది. కాళ్లు కడుక్కోవడానికి పోయి క్యాన్ చూసి బయటికొచ్చి థూ అని ఊసింది. "ఉచ్చ ఇంట్లో పెట్టుకోని అన్నమెట్ల తింటాండార్రా? రోగపుదాన్ని వాళ్లమ్మ కాడికి పంపీరా. మనోళ్లలో పిల్లే దొరకనట్టు యాడికో పోయి తెచ్చినావు." మారిసెల్ అక్కడే ఉంది. ఈసారి మాటలు అర్థం కాకపోయినా ఊసింది అర్థమైంది. తలుపేసుకుంది. ఆ క్యాన్‌లో ఉన్నదాన్ని చూస్తే నాకు ఏ అసహ్యమూ వేయలేదు. పెద్దమ్మ నోరు చూస్తే మాత్రం డోకు వచ్చింది.

బయాప్సీకి కర్నూలు పంపారు. వీపులోంచి సూదితో కిడ్నీ ముక్క తీస్తారంటే మారిసెల్ నా చొక్కా వదల్లేదు. తీశాక గంటల తరబడి కదలకుండా వెల్లకిలా పడుకోవాలి. ఆ వార్డు పక్కన ఉన్న బాత్రూమ్ గురించి రాయను, తిన్నది నిలవదు. అమ్మ మాత్రం కొంగు ముక్కుకు కట్టుకుని, బకెట్లతో నీళ్లు పోసి, చీపురు తీసుకుని కడిగి వచ్చింది. ఎవరూ చెప్పలేదు. "నా కోడలు లేచినంక ఆడికే కదా పోవాల్సింది" అంది.

మినిమల్ చేంజ్ డిసీజ్ అని వచ్చింది. "ఉన్నవాటిలో ఇది మంచిది. స్టెరాయిడ్స్‌కి లొంగుతుంది. కానీ తిరగబెట్టొచ్చు. ఉప్పు తగ్గించాలి. సొంతంగా మందు ఆపకూడదు, సొంతంగా మందు వేయకూడదు," అంది డాక్టరమ్మ. ఎండుచేపలు బందయ్యాయి. మిద్దె మీద పిల్లి కొన్నాళ్లు వెతుక్కుంది.

వారాల్లోనే వాపు దిగింది. ఒక పొద్దున మారిసెల్ తన చెప్పులు తొడుక్కుని ఇల్లంతా టకటకా తిరిగింది. కానీ స్టెరాయిడ్‌తో ముఖం గుండ్రమైంది, మొటిమలు, ఎంత తిన్నా ఆకలి, ఊరికే కోపం. వీధిలో వాళ్లు "ఇప్పుడు ఒళ్లు చేసిండాది, కళగా ఉండాది" అనేవారు. చావుకు దగ్గరగా పోతే బెంగ, మందుకు ఉబ్బితే కళ. వీళ్ల కళ్లు ఏ పనికొస్తాయో నాకు తెలియదు.

అంతా బాగుందనుకునేసరికి పెద్దమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి సీసాతో. ఎవరో ఇచ్చిన పసరు, కిడ్నీలు కడుగుతుందట. నేను బాడుగకు పోయి ఉన్నాను. అమ్మ వద్దనలేకపోయింది. అక్క మాట కదా. మారిసెల్ పెద్దలిచ్చిందని ముక్కు మూసుకుని తాగింది, మర్నాడూ తాగింది. మూడో పూటకు వాంతులు, మూత్రం తగ్గిపోయింది, కాళ్లు మళ్లీ ఉబ్బాయి. కడపకు తీసుకుపోతే క్రియాటినిన్ పెరిగి ఉంది. అడ్మిట్ చేశారు. డయాలిసిస్ అవసరం పడొచ్చు అన్నారు.

"ఏం తాగించారు?" అని డాక్టరమ్మ అడిగింది. నేను నోరు తెరిచేలోపే మంచం మీంచి మారిసెల్, "నేనే తాగాను మేడమ్," అంది. మా అమ్మ ముందుకొచ్చింది. "అబద్ధమమ్మా. నేనే తాపిచ్చినా. మా యక్క తెచ్చింది, నేను గ్లాసులో పోసినా." డాక్టరమ్మ ఆమెను చూసి, "కిడ్నీకి నోరుంటే మిమ్మల్ని తిట్టి ఉండేదమ్మా," అంది. అమ్మ తల దించుకుని, "మీరు తిట్టండి తల్లీ, దాని బదులు," అంది.

డయాలిసిస్ దాకా పోలేదు. ఆ వార్డులో ఎదురుచూసిన రోజులు మాత్రం నేను మరిచిపోలేను. వాళ్లమ్మ ఫోన్‌లో ఇంటికి వచ్చెయ్ అని ఏడ్చేది. ఊళ్లో వాళ్లూ పంపించెయ్ అనేవారు. ప్రేమతో ఒకరు, పీడ వదలాలని ఒకరు. మాట ఒకటే. నేనే అడిగాను, పోతావా అని. పొమ్మంటుందేమోనన్నట్టు ఆమె మా అమ్మ వైపు చూసింది. అమ్మకు ఇంగ్లీషు రాకపోయినా ప్రశ్న అర్థమైంది. బయట వరండాలో పెద్దమ్మ పండ్ల సంచితో కూర్చుని ఉంది. అమ్మ బయటికి పోయి, "అక్కా, పోవాల్సింది నువ్వు. లెయ్. బస్సు ఉండాది," అంది. సంచి కూడా చేతికిచ్చి పంపింది. మారిసెల్ నవ్వింది. "నో గోయింగ్. ఖలాస్," అంది.

ఇప్పుడు స్టెరాయిడ్ డోసు బాగా తగ్గింది. ఆల్బుమిన్ నిల్. ముఖం మళ్లీ ఆమె ముఖంలా ఉంది. నాకు మనుషుల మీద పుట్టిన రోత పూర్తిగా పోలేదు. పరామర్శకని ఎవరైనా గడప ఎక్కితే ఇప్పటికీ వాళ్ల చేతుల వైపు చూస్తాను, సీసా ఉందేమోనని.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. రోగి నోట మాట విని ఊరుకోవద్దు, వేలితో చూపించమనండి. మీ భాషే మాట్లాడేవాళ్లయినా సరే. కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి గుంట నిలిచిపోతే ఆ రోజే యూరిన్ టెస్టు చేయించండి.

మా అమ్మ రోజూ అదే చేస్తుంది. పొద్దున్నే కోడలిని అరుగు మీద కూర్చోబెట్టి, కాలు ఒళ్లో పెట్టుకుని నొక్కుతూ, "మనసెట్లుండాది మ్మే?" అని అడుగుతుంది. మా ఇంట్లో ఆ మాటకు ఇప్పుడు అదే అర్థం. మారిసెల్ "గుడ్ అత్తా" అని కాలు తీసేసుకుంటుంది.

మొన్న తీసుకోలేదు. గుంట పడలేదని అమ్మ చూపించినా అలాగే కూర్చుంది. "కాళ్లు బాగుండాయి అత్తా," అంది, మా అమ్మ యాసలోనే. "మనసే. ఈ రోజు మనసు బాగలేదు." ఆ రోజు వాళ్లమ్మ పుట్టినరోజు.

అమ్మ కాసేపు ఆ కాలిని ఒళ్లోంచి దించలేదు. తర్వాత నన్ను పిలిచి, ఫోన్‌లో వాళ్లమ్మకు కలపమంది. అవతల ఆ తల్లి కూతురి కళ్లలో నీళ్లు చూసి హడలిపోయి, "మానస్?" అని అరిచింది.

"కాదు వదినా, కాళ్లు కాదు," అని మా అమ్మ ఫోన్‌లోకి వంగి, కోడలి గుండె మీద చెయ్యి పెట్టి చూపించింది. "మనసు."