ఎంత కట్టాలి?

ధర్మవరంలో పట్టుచీరల బేరం ముగించుకుని కదిరి వైపు వెళ్తుంటే, నల్లమాడ దగ్గర బస్సు టైరు పంక్చరైంది. రెండువేల మూడు ఎండాకాలం. పక్కనే ఉన్న చెరువు నెర్రెలు విచ్చి ఉంది. గట్టు కింద ఊట ఉన్నచోట మాత్రం పచ్చగా గడ్డి. అందులో కాసేపు నడవాలనిపించి గట్టు దిగాను.

“ఏమప్పా, ఆగు! ఈడ కట్టుండాది,” అన్నాడు గట్టు మీద కూర్చున్న ముసలాయన.

బట్టల కొట్లో పుట్టి పెరిగినవాణ్ణి. నాకు ఆ మాట ఒక్కలాగే వినపడుతుంది. “ఎంత కట్టాలి?” అన్నాను, సగానికి తెగ్గొట్టడానికి సిద్ధపడుతూ.

ఆయన పళ్లు లేని నోటితో నవ్వాడు. “దుడ్లు కాదప్పా, ఊరి కట్టు. గడ్డిలో తీతువులు గుడ్లు పెట్టిండాయి. పిల్లలు ఎగిరేదాకా మనిషి గాని గొర్రె గాని దిగకూడదు.”

“తీతువు కూస్తే చెడు జరుగుతుందంటారు కదా, పెద్దాయనా?”

“ఇంగ చెడేదానికి మాకేముండాదప్పా?”

అయినా నా బుద్ధి ఊరుకోలేదు. “పది అడుగులు వేసి వచ్చేస్తాను. పోనీ, ఐదు.” ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆయన ఒళ్లో ఉన్న కర్ర చూసి, గొర్రెలెక్కడని మాట మార్చాను.

“మేత లేక మొన్న కసాయోళ్లకు తోలిచ్చినా. ఒగటి గూడా మిగల్లే.”

ఆయన కూర్చున్న చోటి నుంచి ఆ గడ్డి ఇరవై అడుగులు కూడా లేదు. నేను బేరం ఆపి గట్టెక్కాను.