కొత్త సిస్టం చదివి వినిపిస్తుందని

కోరుట్లలో మా అక్క దుకాణానికి ఒక ఆదివారం బోయినపల్లి నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. మనవరాలి పెండ్లి కార్డు బల్ల మీద పెట్టి, "బిడ్డా, నేనింక ఉన్న" అన్నాడు. కార్డులో ఆయన పేరు ముందు 'కీ.శే.' అని ఉంది.

అక్క ఇరవై ఏళ్లుగా కంప్యూటర్ మీద పెండ్లి కార్డులు, దరఖాస్తులు కొడుతోంది. ఈ పనిలో ఏ కార్డునూ మొదటి నుంచి కొట్టరు. పాత కార్డు తెరిచి, పాత పేర్ల మీద కొత్త పేర్లు కొడతారు. ఆ పాత కార్డులోని తాత నిజంగానే పోయాడు. అక్క ఆయన పేరు తీసింది, ముందున్న రెండక్షరాలు తీయలేదు. అవి ఆమెకు కనిపించలేదు.

"తప్పయింది తాతా. మళ్ల కొట్టిస్త" అంది అక్క.

"కొట్టియ్యి. తొందరేం లేదు, నేనైతె యాడికి పోత లేను" అన్నాడాయన.

ఆయన వెళ్లాక నేను నవ్వబోయి అక్క ముఖం చూసి మానుకున్నాను.

జగిత్యాలలో కంటి డాక్టరుకు చూపించాం. షుగర్ వల్ల పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదాన్ని కాపాడుకొమ్మని చెప్పాడు. దుబాయ్‌లో ఉన్న బావ ఫోన్‌లో అన్నాడు: "ఇగ దుకాణం బంద్ పెట్టు. ఇంట్ల కూసో."

"ఇంట్ల కూసుండి ఏం జూడాలె? గోడలా? అవి గూడ సక్కగ కనవడుత లేవు" అంది అక్క.

నేను సిరిసిల్లలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. మా వంటి వాళ్ల దగ్గర ప్రతి రోగానికీ ఒక కొత్త వెర్షన్ ఉంటుంది. అప్పట్లో కంప్యూటర్లకు కొత్త ఆపరేటింగ్ సిస్టం రాబోతోంది. అందులో రాబోయే మెరుగుల జాబితా అక్కకు చదివి వినిపించాను. అక్షరాలను ఇంకా పెద్దవి చేసుకోవచ్చు, తెర వెలుతురు కంటికి తగ్గట్టు మారుతుంది, మిషన్ తొందరగా లేస్తుంది. పెండ్లిలో కట్నాలు చదివేటప్పుడు విన్నట్టు విన్నది అక్క. తెర మీది రాతను చదివి వినిపిస్తుందన్న చివరిది విని మాత్రం తల తిప్పింది.

"తెలుగు సదివి ఇనిపిస్తదా?"

"ఇనిపిస్తదక్కా."

"నేను కొట్టింది కొట్టినట్టే?"

"కొట్టింది కొట్టినట్టే."

అక్క బావకు ఫోన్ చేసి, "కొత్త సిస్టం అచ్చేదాక ఆగుండ్రి" అంది. నాలుగు నెలలు ఆగారు. ఆ నాలుగు నెలలూ అక్క పెద్దక్షరాల దరఖాస్తులే కొట్టింది, కార్డుల వాళ్లను పక్క దుకాణానికి పంపింది. సిస్టం ముందు మా కాలేజీకి వచ్చింది. ఇంటర్నెట్‌లోని ఒక తెలుగు వార్త పెట్టి చూశాను. ఎవరి మీదా కోపం లేని గొంతుతో తప్పు లేకుండా చదివింది.

మరుసటి ఆదివారం కోరుట్ల వెళ్లి అక్క కంప్యూటర్‌లో దాన్ని ఎక్కించాను. ఆమె కొట్టిన ఒక కార్డు తెరిచి, చదవమన్నాను. ఆ గొంతు మొదలుపెట్టింది: ఎస్, కామా, కె, బ్రాకెట్, మళ్లీ కె.

"ఏంది తమ్మీ, గిది?"

కారణం నాకు తెలుసు. ఏటా దాన్నే పాఠంగా చెబుతాను, రెండు మార్కుల ప్రశ్న. ఇలాంటి దుకాణాల్లో వాడే పాత ఫాంట్లలో కంప్యూటర్ దాచుకునేవి ఇంగ్లిషు అక్షరాలే. ఫాంటు వాటికి తెలుగు బట్టలు తొడుగుతుంది. తెర మీద, కాగితం మీద తెలుగే, లోపల మాత్రం తెలుగు లేదు. అవసరమైన నాడు నాకు ఆ రెండు మార్కులూ రాలేదు.

చెప్పాను. అక్క తెరకు ముఖం దగ్గరగా పెట్టి ఆ కార్డును చూసింది.

"అంటె ఇరవై ఏండ్ల సంది నేను తెలుగు కొడుతున్ననని దీనికి ఎరికనే లేదా?"

"లేదక్కా."

"మరి నేనేం కొడుతున్న అనుకున్నది?"

ఆ గొంతు చదవగలిగే, ఇంటర్నెట్‌లో వాడే కొత్త రకం అక్షరాలు నేర్చుకోవచ్చని చెప్పబోయాను. కానీ వాటి కీబోర్డు వేరు. అక్క వేళ్లకు కళ్లతో పని లేదు, అవి పాత దారిలోనే నడుస్తాయి.

"దాని నోరు మూయి. నువ్వు సదువు" అంది చివరికి.

చదివాను. రెండు వరుసలు కాకముందే ఆపింది. "గా మిషన్ గొంతే నయముండె" అంది. అయినా విన్నది. పెండ్లికొడుకు మేనమామ ఇంటిపేరులో నేను గమనించని తప్పును వింటూనే పట్టుకుంది.

అప్పటి నుంచి కార్డులు ఆదివారమే. సిరిసిల్లలో బస్సెక్కి, జగిత్యాలలో ఇంకోటి మారి వెళ్తాను. కార్డు వాళ్లు ఎదురుగా కూర్చోవాలి, నేను పైకి చదవాలి. దుకాణం బంద్ పెట్టమనడం బావ మానేశాడు.

'కీ.శే.' దగ్గరికి రాగానే అక్క చెయ్యి లేపుతుంది. నేను ఆగుతాను. ఇంటివాళ్ల వైపు తిరిగి, "నిజంగ లేడా?" అని అడుగుతుంది. చాలామంది నవ్వి, లేడనే చెబుతారు.

పోయిన వారం ఎల్లంతకుంట నుంచి తల్లీ బిడ్డా వచ్చారు. పెండ్లి ఆ బిడ్డదే. తండ్రి పేరు ముందు ఆ రెండక్షరాలు చదివి ఆగాను. అక్క అడిగింది. బిడ్డ తల్లి వైపు చూసింది.

"లేడమ్మా. మొన్న ఎండకాలమే" అంది తల్లి.

అక్క లేపిన చెయ్యి మెల్లగా దించి బల్ల మీద పెట్టుకుంది.

"ఉండనియ్యి, తమ్మీ. ముందటికి సదువు."